పంకజం ఊరికి పోలేదు

నా భార్య పంకజాన్ని చంపింది మా అక్క చెంగమ్మ. కోపంలో అంటున్న మాట కాదు ఇది. కోపం ఎప్పుడో చల్లారింది. మాట మారలేదు.

అప్పుడు మేం వ్యాసర్పాడిలో, రైలు యార్డు వెనక సందులో ఉండేవాళ్ళం. మద్రాసులో ట్రాములు ఇంకా తిరుగుతున్న కాలం. నేను గూడ్సు ఇంజన్లో ఫైర్‌మాన్‌ని. పొయ్యిలోకి బొగ్గు వెయ్యడం నా పని. మాది సూళ్ళూరుపేట దగ్గర పల్లె. అక్కడి బడిలో ఎంతవరకు చెబితే అంతవరకు చదివాను. పంకజం మైలాపూరు పిల్ల. వాళ్ళ నాన్న యతిరాజులుకు అక్కడ కుట్టు దుకాణం. తాతల కాలం నుంచి వాళ్ళకు మద్రాసే సొంతూరు. తెలుగులో మొదలుపెట్టిన మాట మధ్యలో అరవంలోకి దిగిపోయేది. దిగినట్టు తనకు తెలిసేది కాదు.

నా ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పటి నుంచి ఎవరూ నా ముఖం కేసి తిన్నగా చూసి మాట్లాడలేదు. పంకజం చూసింది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు పొద్దున నాకు అన్నం వడ్డిస్తూ ఆగిపోయింది.

"ఏమయ్యా, అమ్మవారు నీ మొహాన వడియాలు ఎండబెట్టినట్టుండాది. తీసుకునేది మరిచిపోయి ఎల్లిపొయ్యింది."

నేను నవ్వాను. ఆ మచ్చల గురించి నేను నవ్వడం అదే మొదలు.

మా లైనులో ఒక అలవాటు ఉండేది. బండి మద్రాసు చేరబోతూ వ్యాసర్పాడి దాటేటప్పుడు డ్రైవరు విజిలు కొట్టేవాడు. రూలు ప్రకారం కొట్టేది ఒకటి. ఇంటి కోసం కొట్టేది వేరు. ఒక్కో డ్రైవరు ఒక్కో రకంగా కొట్టేవాడు. సందులోని ఆడవాళ్ళకు ఎవరిది ఎవరిదో తెలుసు. ఆ విజిలు విని ఎసరు పెట్టేవాళ్ళు. మా డ్రైవరు మాదయ్య రెండు పొట్టివి కొట్టి, మూడోది సాగదీసి వదిలేవాడు. నేను ఇంజను షెడ్డులో బూడిద దులిపి, చేతులు కడుక్కుని ఇల్లు చేరేసరికి అన్నం ఆవిరి కక్కుతూ ఉండేది.

"మీ మాదయ్య విజిలు కొట్టడు, ఆవులిస్తాడు" అనేది పంకజం.

మాతోనే ఉండేది మా అక్క. ఆమె గురించి కూడా ఉన్నది చెబుతాను. మా అమ్మ నన్ను కని పోయింది. నన్ను పెంచింది అక్క. నాకు మశూచి సోకినప్పుడు ఆమెకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అత్తవారు రమ్మని కబురు పెట్టారు. పోలేదు. వేపమండతో విసురుతూ, ఇంట్లో తాళింపు వాసన రానివ్వకుండా, ఎవరినీ గడప తొక్కనివ్వకుండా నా పక్కనే కూర్చుంది. మా వీధిలో ఆ ఏడు నా ఈడు పిల్లలు చాలామంది పోయారు. నేను మిగిలాను. తర్వాత ఆమె భర్త పోతే నా దగ్గరికే వచ్చింది. ఇదంతా నిజం.

అక్కకూ పంకజానికీ పొద్దున లేస్తూనే కాఫీ దగ్గర మొదలయ్యేది.

"ఏమ్మే, పరగడుపున ఆ కషాయం యాడిదే నీకు? పేగులు కాలిపోతాయి."

"నువ్వు తాగే అంబలికి నా పేగులు జలుబు చేస్తాయి వదినా."

"పేగులకు జలుబంట! మైలాపూరు డాక్టరమ్మ చెప్పొచ్చింది."

"నువ్వు మాత్రం? సూళ్ళూరుపేట డాక్టరమ్మవి. ఏ రోగమొచ్చినా ఒకటే మందు, లోటా అంబలి."

అక్క మూతి తిప్పుకునేది. సాయంత్రం పంకజం రెండు గ్లాసుల్లో కాఫీ పోసి ఒకటి తిన్నె మీద ఊరికే పెట్టి లోపలికి పోయేది. తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంజను దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి నాకు వీళ్ళిద్దరి గొంతులు వినిపించేవి. ఆ గొంతులు వినిపించినంత కాలం నేను సుఖంగా ఉన్నానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు గోల అనుకునేవాణ్ణి.

తర్వాత పంకజానికి కడుపు జబ్బు పట్టింది. నెత్తురు విరేచనాలు. తగ్గేవి, మళ్ళీ వచ్చేవి. మా పేటలోని వైద్యుడు జిగట విరేచనాలన్నాడు. సూదులు వేశాడు. తగ్గలేదు. అక్క దానిమ్మ పెచ్చు కాచి ఇచ్చింది. తగ్గలేదు. మనిషి చిక్కిపోయింది. గాజులు మోచేతి దాకా జారేవి. చివరికి కడుపులో కుడిపక్క గడ్డలాంటిది తగిలింది, జ్వరం మొదలైంది. మా మామ యతిరాజులు మమ్మల్ని మైలాపూరు రమ్మని, తమ ఇంటికి అలవాటైన డాక్టరు భక్తవత్సలం దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. అక్కా వచ్చింది. అక్క వచ్చిందన్న సంగతి ముఖ్యం.

డాక్టరు చాలాసేపు చూశాడు.

"ఇది జిగట విరేచనాల అమీబా కాదయ్యా. పేగే పుండు పడుతోంది. ఎందుకు పడుతుందో మాకూ తెలియదు. ఇంగ్లీషు సీమలో పెద్ద డాక్టర్లకూ తెలియదు. అందరి పేగుల్లోనూ క్రిములుంటాయి. నీకున్నాయి, నాకున్నాయి. పేగు గోడ లోపల ఉన్నంతకాలం వాటి బతుకు అవి బతుకుతాయి. ఈమెకు పుండు లోతుగా దిగి గోడ చిల్లు పడింది. అవి బయటికొచ్చి ఇక్కడ చీము పట్టించాయి. ఈ గడ్డ అదే."

"కోసి తీసేస్తే పోదా సార్?" అన్నాను.

"ఇప్పుడు కోస్తే చీము కడుపంతా పాకుతుంది. ముందు సూదులతో అణచాలి. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్. పుండును అవి మాన్పలేవు. క్రిముల్ని చంపుతాయి. గడ్డ అణిగాక పెద్దాసుపత్రిలో కోయిద్దాం. మధ్యలో మాత్రం సూది ఆగకూడదు. ఆగితే మిగిలిన క్రిములు మళ్ళీ పుంజుకుంటాయి. గడ్డ లోపలే పగులుతుంది."

"పగిలితే?" అంది పంకజం.

ఆయన మందుల చీటీ రాయడం మొదలుపెట్టాడు.

"పగిలితే నాకు రైల్వే పాసు అక్కర్లేదు డాక్టర్. ఉట్టినే పోవచ్చు."

"చాల్లే నోరు ముయ్యి మే" అని అక్క దాని భుజం మీద ఒకటేసింది.

డాక్టరు అక్క వైపు తిరిగాడు. ఇంట్లో ఉండేది ఆమే అని తెలుసుకున్నాడు.

"ఇదిగో అమ్మా, మీరు వినండి. కొందరికి ఈ మందు పడదు. ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. లేస్తే భయపడొద్దు. వెంటనే నాకు కబురు చేయండి. మందు మారుస్తాను. ఇప్పుడు వేరే మందులు కూడా వస్తున్నాయి."

"అట్నే సామీ" అంది అక్క.

ఆయన తెలుగులోనే చెప్పాడు. నిదానంగా చెప్పాడు. అక్క విని తలూపింది. నేను పక్కనే ఉన్నాను.

డాక్టరు దగ్గర కాంపౌండరు ఆనందన్. మా సందు చివరే అతని ఇల్లు. పొద్దున మైలాపూరు పోయే ముందు ఒక సూది, సాయంత్రం తిరిగొచ్చాక ఒక సూది వేసేవాడు. మా పొయ్యి మీదే సూది మరగబెట్టుకునేవాడు. అరవతను. పంకజంతో తెలుగులో మాట్లాడాలని సరదా.

"కొంచెం కూడా నొప్పి ఉండదు అక్కా."

"నువ్వు ఏసుకున్నావా?"

"లేదక్కా."

"మరి నీకెట్ల తెలుసు? ముందు నువ్వొకటి ఏసుకో. నేను చూసి ఏసుకుంటా."

పాపం అతను ఎర్రబడిపోయేవాడు. రోజూ ఏదో ఒకటి అనేది. అనడం మొదలుపెట్టిందంటే ఒంట్లో బాగుందని నాకు అర్థం. నిజంగానే బాగైంది. జ్వరం దిగింది. గడ్డ చేతికి చిన్నగా తగిలింది. మునక్కాయ సాంబారు కావాలని అడిగింది. డాక్టరు వద్దన్నాడు గనక అక్క పెట్టలేదు. సాయంత్రాలు తిన్నె మీద కూర్చుని విజిళ్ళు వింటూ ఎవరి బండి ఎవరిదో అక్కకు చెప్పేది. నేను చివరిసారి డ్యూటీకి పోయేటప్పుడు కూడా అక్కడే కూర్చుని ఉంది.

"మాదయ్యను ఈసారన్నా గట్టిగా కొట్టమను. నిద్రపోతా ఉన్నోడు కొట్టినట్టు కొట్టబాకని చెప్పు" అంది.

మంచి ఎండాకాలం. పక్క సందులో మశూచి వచ్చింది. ఇంటింటా భయం. రోగం వచ్చిందని తెలిస్తే కార్పొరేషను బండి వచ్చి మనిషిని ఊరి చివరి ఆసుపత్రికి తీసుకుపోయేది. అందుకని జనం దాచేవాళ్ళు. నేను బిట్రగుంట దాకా పోయి మర్నాడు తిరిగి రావాలి. అక్కడ ఫైర్‌మాన్లు కొందరు జ్వరాలతో పడ్డారు. నన్నూ మాదయ్యనూ ఇంకో బండి ఎక్కించి పైకి పంపారు. అక్కడి నుంచి మరో బండి. ఇల్లు చేరడం రోజుల తరబడి ఆలస్యమైంది.

వ్యాసర్పాడి దాటుతూ మాదయ్య విజిలు గట్టిగా కొట్టాడు. నేను చెప్పినందుకు నవ్వుతూ కొట్టాడు.

ఇంటికి వచ్చాను. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి లోపలికి పోతే తాళింపు వాసన లేదు. పసుపు నీళ్ళ వాసన. లోపలి గది గడపకు వేపమండలు కట్టి ఉన్నాయి. వీధి గుమ్మానికి ఒక్క ఆకు కూడా లేదు. అది ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

అక్క ఎదురొచ్చింది. తల స్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఆడనే నిలబడు. బయట తిరిగొచ్చినోడివి. కాళ్ళు కడుక్కో. అమ్మ వచ్చుండాది."

"ఎవరికి?"

"ఇంకెవురికి? కడుపు మీద, వీపు మీద ఎర్రగా పోసింది. భయపడబాక నాయనా. పొద్దున్నించి నొప్పి కూడా దిగిపొయ్యింది. అమ్మ చల్లబడింది. రేపు తలకు నీళ్ళు పోస్తా."

"సూది ఏస్తా ఉండారా?"

"బుద్ధుండే మాట్లాడతా ఉండావా? అమ్మ ఇంట్లో కూర్చోని ఉంటే ఇనుప సూది గుచ్చేదా?"

నేను కాళ్ళు కడుక్కోలేదు. లోపలికి పోయాను. పంకజం వేపాకు పరిచిన చాప మీద వెల్లకిలా పడుకుని ఉంది. కదలడం లేదు. నన్ను చూసి కళ్ళతో నవ్వింది.

"విజిలు వినపడింది. ఎసరు పెట్టమని చెప్పినా. మీ అక్క నాకు దణ్ణం పెడతా ఉందయ్యా. రోజూ పెడతాది. పెళ్ళయినప్పట్నించి ఇదే మొదలు. తల్లీ, మీరు అంటాది. మీరంట!"

"దద్దుర్లు చూపించు."

"డాక్టరు చెప్పిన దద్దుర్లే ఇవి. వదినకు చెప్పినా. అట్ల అంటే అమ్మకు కోపం వస్తాదంది. నొప్పి అని కూడా అనకూడదంట. అన్లేదు. ఎంత బుద్ధిగా ఉండానో చూడు."

చూశాను. నాకు మశూచి తెలుసు. ముందు ముఖం మీద పడుతుంది, చేతుల మీద పడుతుంది. పొక్కుల్లో నీరు పడుతుంది. పంకజం ముఖం మీద ఒక్క పొక్కు లేదు. ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు. అప్పటికే వాడుతున్నాయి. కడుపు మీద చెయ్యి వేశాను. చెక్కలాగా గట్టిగా ఉంది. ముఖం మీద చెమట, చేతులు చల్లగా. నొప్పి దిగింది గడ్డ పగిలి అని నాకు అర్థమైంది.

రెండు చేతుల మీదా ఎత్తుకున్నాను. బరువు లేదు. అక్క గడపకు అడ్డం నిలబడింది.

"తలకు నీళ్ళు పోయకుండా గడప దాటిస్తే నాశనమైపోతామురా!"

"ఇది అమ్మవారు కాదు. మందు పడక లేచిన దద్దుర్లు."

"నిన్ను బతికించింది ఎవురురా? సూదా?"

అక్కను భుజంతో పక్కకు జరిపి బయటికొచ్చాను.

అప్పుడే సందులోకి వస్తున్న మాదయ్య పరుగున పోయి జట్కా తెచ్చాడు. దారిలో పంకజం తల నా ఒళ్ళో ఉంది. బండి ఎగిరినప్పుడల్లా పళ్ళు బిగబట్టుకునేది.

"ఆనందన్ వచ్చినాడు ఒకరోజు. వాకిట్లో గొంతు వినపడింది. మళ్ళీ రాలేదు. ఎగతాళి చేసినానని కోపమేమో" అంది. బండి ఇంకోసారి ఎగిరాక, "ఈసారొస్తే ఏమీ అనను. ఊరికే ఏయించుకుంటా" అంది.

పెద్దాసుపత్రిలో కడుపు కోశారు. గడ్డ లోపలే పగిలింది. చీము కడుపంతా పాకింది. కబురు అంది డాక్టరు భక్తవత్సలం మైలాపూరు నుంచి వచ్చాడు. లోపలికి పోయి చూసి వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఊరి నుంచి ఎప్పుడొచ్చారయ్యా?"

"ఏ ఊరు సార్?"

"మీ ఊరే. ఈమెను సూళ్ళూరుపేట తీసుకుపోయారని ఆనందన్ చెప్పాడు. అక్కడ సూది వేసేవాళ్ళున్నారో లేరో అని రోజూ అడుగుతున్నాను అతన్ని."

ఆనందన్ ఆయన వెనకే ఉన్నాడు. ఏడుస్తున్నాడు.

"నేను పోయినాను అన్నా. సూది డబ్బా తీసుకునే పోయినాను. పెద్దమ్మ వాకిట్లోనే చెప్పేసింది. పంకజం ఊరికి పొయ్యింది, నువ్వింక రావద్దు అని. నిజందా, నిజమే అనుకున్నా. వాకిలి మామూలుగానే ఉండింది. ఒక వేపాకు కూడా లేదు."

వీధి గుమ్మానికి ఆకు ఎందుకు లేదో అప్పుడు తెలిసింది.

పంకజం తెల్లవారేదాకా ఉంది. స్టేషను దగ్గరే గనక ఆసుపత్రిలోకి ఇంజన్ల కూతలు వినిపించేవి. ఒకసారి కళ్ళు తెరిచింది.

"అదెవురిది?"

"తెలీదు."

"మాదయ్యదేమో."

"తెలీదు పంకజం."

మళ్ళీ అడగలేదు. అవునని చెప్పి ఉంటే ఏం పోయేదని తర్వాత మాదయ్య అన్నాడు. నాకు అబద్ధం రాదు. అప్పుడూ రాలేదు.

కర్మలన్నీ అయ్యాక అక్కను ఒకసారి అడిగాను.

"ఆనందన్‌తో ఏం చెప్పినావు?"

"ఊరికి పొయ్యిందని చెప్పినా. వాడు పోయి ఆడ చెప్తే కార్పొరేషనోళ్ళు బండిలో ఏసుకోని పోతారు కదరా. ఆడికి పోయినోళ్ళు ఎవురన్నా తిరిగొచ్చినారా? నా కళ్ళ ముందర పెట్టుకోని కాపాడుకుందామనుకున్నా. నిన్ను కాపాడుకోలేదా?"

"డాక్టరు దద్దుర్ల మాట చెప్పినాడు. నువ్వు విన్నావు."

"విన్నా."

"పంకజం కూడా చెప్పింది."

"చెప్పింది. అమ్మ మాదిరే ఉన్నిందిరా. నీకు మొదట్లో అట్నే పోసింది. నా కంటికి నువ్వే కనపడినావు."

నేను లేచి వచ్చేశాను. తెలియక చేసిన పనికి లోకంలో ఏదో ఒక మన్నింపు ఉంటుందేమో. వాకిట్లో నిలబడి, మందు పట్టుకుని వచ్చినవాణ్ణి చూసి, మనిషి లోపల ఉండగా లేదని చెప్పిన దానికి లేదు. ఆమె ఒక్క నిజం చెబితే చాలు. లోపల అమ్మవారు వచ్చి ఉంది, రాకు అని చెప్పినా చాలు. ఆనందన్ వెళ్ళి డాక్టరుకు చెప్పేవాడు. దద్దుర్లు అనే మాట వినగానే ఆయన కారెక్కేవాడు. మందు మారేది. సూది ఆగేది కాదు.

అక్క ఇప్పటికీ నాతోనే ఉంది. ఎక్కడికి పోతుంది? వండుతుంది, తింటాను. బియ్యం, ఉప్పు, కిరసనాయిలు, అంతవరకే మాటలు. ఏటా అరవవాళ్ళ ఆడినెలలో అమ్మవారికి అంబలి పోసేది. మానేసింది. అది ఆమె ఇష్టం. సాయంత్రం కాఫీ కలిపి గ్లాసు తిన్నె మీద పెడుతుంది. నేను ముట్టుకోను. చల్లారిపోయాక పారబోస్తుంది.

ట్రాములు ఆగిపోయాయి. మాదయ్య ఉద్యోగం విరమించి మాధవరంలో కొడుకు దగ్గర గేదెల్ని చూసుకుంటున్నాడు. కొత్త డ్రైవర్లు కూడా వ్యాసర్పాడి దాటుతూ ఇంటి కోసం విజిలు కొడతారు. సందులో ఎవరింట్లోనో ఎసరు పడుతుంది. రెండు పొట్టివి కొట్టి మూడోది సాగదీసేవాడు ఇప్పుడెవడూ లేడు. ఆవులించినట్టు ఉండేది. ఆ తర్వాత ఆ సందులోకి మలుపు తిరిగితే రెండు గొంతులు వినిపించేవి, ఒకటి మైలాపూరుది, ఒకటి మా పల్లెది. కాఫీ మంచిదా అంబలి మంచిదా అని.

మొన్న అన్నం పెడుతూ అక్క నా ఎదురుగా కూర్చుంది. ముసలిదైపోయింది.

"ఒరే పరంధామా, ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టింది.

కంచం ముందు నుంచి లేచాను. చెయ్యి కడుక్కుని తిన్నె మీదికి వచ్చేశాను. చుట్టాలు మన్నించమంటారు. పెంచిన చెయ్యి అంటారు. పెంచిన చెయ్యే. తెలుసు. జరిగింది జరిగినట్టు ఒక్కసారి చెప్పాను. ఆ పొద్దు సంగతి ఆమె నోట వినను, నా నోట ఇక రానివ్వను.